వంగి వెళ్ళే దారి

నెల్డా బట్టల బుట్టను ముందు లోపలికి తోసింది. తరువాత తువ్వాలు మడిచి నేల మీద పరిచి, దాని మీద కుడి మోకాలు ఆనించి, ఒక చేత్తో బల్ల అంచు పట్టుకుని మెల్లగా తల వంచింది.

బేస్‌మెంట్ మెట్లు దిగగానే బల్ల అడ్డం వస్తుంది. దాని మీద బొమ్మ రైలు పట్టాలు, కొండలు, వేలెడంత ఎత్తు ఇళ్ళు. ఆ బల్ల నాలుగు గోడల వెంట తిరిగి వచ్చి మెట్ల ముందు తన కొసను తనే కలుసుకుంటుంది. రైలు ఆగకుండా తిరగాలంటే అది అలా కలిసి తీరాలట. వాషింగ్ మెషీన్, డ్రయ్యర్ ఆ చుట్టుకు లోపల, అవతలి మూలన ఉన్నాయి. బల్ల కింద దూరితే తప్ప వాటి దగ్గరికి దారి లేదు.

మొన్నటి వసంతం దాకా నడుం వంచితే సరిపోయేది. అప్పుడు ఆమె భర్త వెండెల్ బల్ల కింద ఇంకో అర కట్టాడు. పైన తిరగని రైళ్ళు కంటికి కనపడకుండా ఆ అరలో నిలబడి ఉండాలి. అర వచ్చాక దారి పొయ్యి నోరంత అయింది. అప్పటినుంచీ నెల్డా పాకుతోంది.

"తల జాగ్రత్త. ఆ ఎర్ర తీగ తగిలిందంటే ఊరంతా చీకటే!" అన్నాడు వెండెల్ లోపల్నుంచి.

అతను చక్రాల పీట మీద కూర్చుని పట్టాల అడుగున టంకం వేస్తున్నాడు. పీట మీదే పడుకున్నట్టు వాలి, కాలితో ఒక్క తన్ను తన్ని బల్ల కిందుగా జారిపోవడం అతనికి చేతనవును. బట్టల బుట్టతో ఆ విద్య కుదరదు.

ఆ ఏడాదంతా అతను కరెంటు మార్చే పనిలోనే ఉన్నాడు. పాత పద్ధతిలో గోడకు మీటల పలక ఉండేది. ఏ మీట వేస్తే ఆ ముక్క పట్టాలకు కరెంటు. ఇప్పుడు పలక పీకేసి రెండు లావు తీగలు గది చుట్టూ తిప్పాడు. ప్రతి పట్టా ముక్కకూ వాటి నుంచి రెండేసి సన్న తీగలు పైకి లాగి టంకం వెయ్యాలి. ఒక్కో ఇంజను పొట్టలో గోరంత యంత్రం పెట్టాలి. అప్పుడు చేతిలో పట్టే మీటతో ఏ ఇంజనుకు చెప్పింది ఆ ఇంజనే వింటుంది. పని సరిగ్గా కుదిరిందో లేదో చూడటానికి నాణెం తీసి రెండు పట్టాల మీద అడ్డంగా పెడతాడు. వెంటనే గదంతా ఆగిపోతే తీగలు బాగున్నట్టు. ఆగకపోతే ఎక్కడో ఏదో కాలబోతున్నట్టు.

నెల్డా అవతల లేచి నిలబడింది. మోకాలు టక్కుమంది. కాసేపు మెషీన్ మూత పట్టుకుని ఆగి, బట్టలు వేసింది.

"వెండెల్, ఆ గేటు సంగతి..."

"చేస్తానన్నానుగా. ముందు కరెంటు పని కానీ."

మెట్ల ముందు బల్ల తెరుచుకునేలా గేటు పెట్టమని మొదట అడిగినప్పుడు చెక్క ఆరాలన్నాడు. తరువాత కొండలకు రంగు వెయ్యాలన్నాడు. ఒక ఏడాది వంతెనలు, ఒక ఏడాది చెట్లు. ఆ చెట్లలో సగం నెల్డా చేసినవే. పెరట్లో ఎండిన పూల కంకులు కోసి, బంక రాసి, రంపపు పొట్టులో దొర్లించి ఒక్కొక్కటీ గుచ్చింది.

"పరాయిదానివా నువ్వు, కాస్త వంగితే పోలా?" అన్నాడు వెండెల్ టంకం మీదనుంచి కళ్ళు తియ్యకుండానే.

ఆ సాయంత్రం వంటింట్లో ఫోన్ మోగింది. చేసింది హర్షెల్ డన్, రైళ్ళ సంఘానికి పెద్ద. ప్రతి నవంబరులోనూ సంఘం వాళ్ళు ఒక శనివారం ఒకరి ఇంటికి వెళ్ళి రైళ్ళు నడిపి వస్తారు. ఈసారి వంతు వెండెల్‌ది. హర్షెల్‌కు ఎండాకాలంలో తుంటి ఎముక మార్చారు. వంగలేనని, రానేమోనని చెబుతున్నట్టుంది.

"అయ్యో, దానికేముంది హర్షెల్!" అన్నాడు వెండెల్ ఫోన్‌లో. "నువ్వు దొరలా నడిచొస్తావ్. గేటు పెడుతున్నాగా! ఆఁ... శనివారానికల్లా అయిపోద్ది."

నెల్డా చేతిలో బంగాళదుంపల గిన్నె ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, చెంచా వేసి, అతని కంచం పక్కకు జరిపింది.

"విన్నావా? గేటు పెట్టేస్తున్నా," అన్నాడు వెండెల్ కూర్చుంటూ. "నీక్కూడా పనికొస్తుంది."

ఆలికి అన్నం పెట్టి ఊరికి ఉపకారం చేశానన్న సామెత ఉంది. ఇక్కడ ఊరికి వండిన దాంట్లో ఆలికి ఒక ముద్ద మిగిలింది. అయినా మిగిలిందే చాలనిపించింది నెల్డాకు. గిన్నె అతని వైపు జరిపింది.

*

మంగళవారం పొద్దున్నే రంపం చప్పుడు మొదలైంది. నెల్డా వంటింట్లో నిలబడి కాసేపు విన్నది. ఇన్నేళ్ళుగా వినాలనుకున్న చప్పుడు అదే.

"నెల్డా! ఒకసారి వచ్చి ఈ కొస పట్టుకో!"

ఆమె దిగి వెళ్ళింది. వెండెల్ మెట్ల ముందున్న బల్ల ముక్కను రెండు అరలతో సహా కోసి విడదీశాడు. తలుపులా లోపలికి తెరుచుకునేలా ఒక పక్కన కీళ్ళు బిగిస్తున్నాడు. నెల్డా రెండో కొసను పొట్టకు ఆనించి ఎత్తి పట్టుకుంది. అది బరువుగా ఉంది. అతను కొలిచి, విప్పి, మళ్ళీ కొలిచి బిగించాడు.

"కదలకు. వెంట్రుక వాసి తేడా ఉన్నా పెట్టెలు దొర్లుతాయి."

"చేతులు లాగుతున్నాయి వెండెల్."

"ఇంకొక్క స్క్రూ."

కీళ్ళయ్యాక అసలు పని మొదలైంది. గేటు అంచున పట్టాలు గాలిలో ఆగిపోతాయి. బట్టో మోచెయ్యో తగిలితే వంగిపోతాయి. అందుకని ప్రతి పట్టా కొస కిందా చెక్కలోకి ఒక ఇత్తడి స్క్రూ బిగించి, దాని తల మీద పట్టాను టంకంతో అతికించాడు. గేటుకూ బల్లకూ మధ్య పేకముక్క మందం సందు వదిలాడు. పేకముక్కను పైనుంచి కిందికి దువ్వెనలా గీచి చూసుకున్నాడు. ఎక్కడ పట్టుకుంటే అక్కడ గరుకు కాగితంతో రుద్దాడు. చివర గడియ పెట్టాడు. గడియ తీస్తే చాలు, పట్టాలన్నిటికీ కరెంటు పోతుంది. గేటు తెరిచి ఉండగా ఏ ఇంజనూ అంచు దాటి నేలకూలకుండా ఆ ఏర్పాటు.

బుధవారం మధ్యాహ్నానికి గేటు తెరుచుకుంది, మూసుకుంది. నల్ల ఇంజను దాని మీదుగా వెళ్ళి అవతల కొండ చాటున మాయమైంది. వెండెల్ చప్పట్లు కొట్టాడు.

నెల్డా బుట్టతో మెట్ల మీద నిలబడి ఉంది. "ఇక వెళ్ళొచ్చా?"

"ఎక్కడికి? వద్దొద్దు! శనివారం దాకా మెషీన్ వెయ్యకు. తేమ తగిలితే చెక్క ఉబ్బుతుంది. ఇంతా చేసి గేటు పట్టేసుకుందంటే హర్షెల్ ముందు నా పరువేం కాను?"

"మరి ఈ బట్టలు?"

"ఊళ్ళో ఉందిగా ఏదో లాండ్రీ."

డ్రయ్యర్ ఆవిరి బయటికి పోవాల్సిన గొట్టాన్ని, తన బల్ల కాలు పట్టడం కోసం, గదిలోకే వంచింది అతనే. నెల్డా బుట్ట తిప్పి మెట్లెక్కింది.

*

లాండ్రీలో నలుగురైదుగురే ఉన్నారు. అద్దాలకు ఆవిరి పట్టింది. బయట సన్నగా వాన. అక్కడ పని చూసే ఓపల్ లావుపాటి మనిషి, వేళ్ళ నిండా ఉంగరాలు. నెల్డా బుట్టను ఎగాదిగా చూసింది.

"ఇంట్లో మెషీన్ చెడిందా తల్లీ?"

"చెడలేదండీ. మా ఆయన రైళ్ళకు తేమ పడదట."

"రైళ్ళా?"

"బొమ్మ రైళ్ళు. బేస్‌మెంట్ నిండా."

ఓపల్ ఉంగరాల చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "నయం తల్లీ! మా ఆయనకి చేపల పిచ్చి. ఒక చలికాలమంతా స్నానాల తొట్టిలో పెంచాడు. చెరువులో మంచు కట్టింది, పాపం అవెక్కడ బతుకుతాయి అంటాడు!"

"మరి మీరు స్నానం?"

"మా అక్కింటికెళ్ళి చేసేదాన్ని. చివరికి అక్కే ఓ ఆదివారం వచ్చి వాటిని వేపుకు తినేసింది. అతను నాలుగు రోజులు తిండి మానేశాడు. వెధవ బాధ గానీ, చేపలు మాత్రం మహా రుచి!"

నెల్డాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే బట్టలు మెషీన్‌లో వేసి, సబ్బు పోసి, మూత వేసింది. బల్ల మీద తువ్వాళ్ళు మడత పెట్టింది. ఓపల్ ఒక దుప్పటికి రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ ఎదురెదురుగా నడిచి కొసలు కలిపారు, మళ్ళీ వెనక్కి జరిగారు.

కారులో బుట్ట పెట్టి తలుపు వేశాకగాని నెల్డాకు తోచలేదు. ఈ రోజు మోకాలు ఒక్కసారి కూడా టక్కుమనలేదు.

*

శనివారం పదిమంది దాకా వచ్చారు. తడిసిన కోట్లు మెట్ల పక్కన మేకులకు వేలాడాయి. కొందరు చారల టోపీలు పెట్టుకుని, మెడకు ఎర్ర రుమాళ్ళు కట్టుకున్నారు. వెండెల్ కూడా కట్టుకున్నాడు.

హర్షెల్ చేతికర్రతో మెట్లు దిగి గేటు ముందు ఆగాడు. వెండెల్ గడియ తీసి గేటు లోపలికి నెట్టాడు.

"దయచెయ్యండి దొరా!"

హర్షెల్ నిటారుగా నడిచి వెళ్ళాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నెల్డా మెట్ల మీదనుంచి చూసింది. గేటు మూసి, గడియ వేసి, ఒక్కొక్కరికి ఒక్కో రైలు అప్పజెప్పారు. ఎవరు ఏ స్టేషనులో ఆగాలో, ఎవరికి ఎవరు దారివ్వాలో ఒకాయన కేకేసి చెబుతున్నాడు. కాసేపటికి గదిలో నవ్వులు తగ్గి, నిజంగా సరుకు మోసే వాళ్ళ ముఖాల్లా అందరి ముఖాలూ బిగుసుకున్నాయి.

కొంతసేపటికి హర్షెల్ పీట మీద ఇటూ అటూ కదిలాడు. "ఒరే వెండెల్, నాకు పైకి వెళ్ళే పని పడింది."

"వెళ్ళు, వెళ్ళు! అందరూ ఆపండోయ్! హర్షెల్ రైలు వస్తోంది!"

గడియ తీశారు. అన్ని రైళ్ళూ ఉన్న చోట ఆగిపోయాయి. హర్షెల్ మెట్లెక్కి, పని చూసుకుని, మెట్లు దిగి వచ్చేదాకా పదిమందీ చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడ్డారు. "నీళ్ళు దింపడానికి ఆగిన రైలు," అన్నాడొకడు. ఆ పూట హర్షెల్ మళ్ళీ ఇంకోసారి వెళ్ళాడు. అప్పుడూ అంతే.

నెల్డా కాఫీ కప్పుల పళ్ళెం పట్టుకుని దిగింది. పళ్ళేన్ని తుంటికి ఆనించి గడియ మీద చెయ్యి వేసింది.

"ఆగు! ఆగు నెల్డా!" వెండెల్ కేక పెట్టాడు. "బొగ్గు రైలు వస్తోంది, కళ్ళు కనపడటం లేదా?"

ఆమె చెయ్యి తీసేసింది. బొగ్గు రైలు వచ్చింది. పెట్టెలన్నీ గేటు మీదుగా వెళ్ళాయి. దాని వెనకే ఇంకోటి వచ్చింది. నెల్డా నిలబడే ఉంది. కాఫీ మీద పొగ తగ్గింది. చివరకు ఒకాయన బల్ల మీదుగా చెయ్యి చాపి, కొండ మీది నుంచి ఒక్కో కప్పూ అందుకున్నాడు.

కప్పు తీసుకుంటూ హర్షెల్ అడిగాడు, "ఆ మూలది మీ వాషింగ్ మెషీనేనా నెల్డా? ఈ గేటు లేనప్పుడు ఎట్లా వెళ్ళేదానివి?"

నెల్డా నోరు తెరిచేలోపే వెండెల్ అందుకున్నాడు. "తనకేం, పిట్టంత మనిషి. ఉడతలా దూరిపోద్ది!"

అందరూ నవ్వారు. హర్షెల్ నవ్వలేదు. చేతికర్ర వైపు చూసుకుని కాఫీ తాగాడు.

సాయంత్రం కార్లన్నీ వెళ్ళాక, వెండెల్ వీధిలో ఎవరికో వీడ్కోలు చెబుతుండగా, నెల్డా కింద కప్పులు ఏరడానికి వెళ్ళింది. గడియ లాగింది. గేటు చప్పుడు లేకుండా తెరుచుకుంది. ఆమె అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది. తల మీద ఏమీ లేదు. మెషీన్ దాకా నడిచి వెళ్ళి దాని మీద అరచెయ్యి ఆనించింది. మళ్ళీ గేటు దాకా వచ్చింది. కప్పులు అన్నీ ఒకేసారి తేగలిగి కూడా ఆమె రెండుసార్లు తెచ్చింది.

*

ఆదివారం చర్చి నుంచి రాగానే వెండెల్ టై విప్పుకుంటూ కిందికి వెళ్ళాడు. నెల్డా కోడిమాంసం పొయ్యి మీద పెట్టింది. అడుగున డ్రిల్లు మూలిగింది. ఆగి, మళ్ళీ మూలిగింది. అలా నాలుగుసార్లు.

ఆమె మెట్ల మధ్య దాకా దిగింది. వెండెల్ గేటు అంచున మోకరించి ఉన్నాడు. గేటును పక్కనున్న బల్లకు కలిపి పైన రెండు, కింద రెండు పొడుగాటి స్క్రూలు బిగించాడు.

"ఏం చేస్తున్నావ్?"

"నిన్న అందరి ఊపిరికీ, ఆ తడి కోట్లకీ చెక్క కాస్త కదిలింది. నువ్వు పైకెళ్ళాక బొగ్గు రైలు రెండుసార్లు దొర్లింది. తెరిచి మూస్తున్న కొద్దీ పట్టాలు తప్పుతాయి. బిగించేస్తే ఆ గొడవుండదు."

"మరి దారి?"

"కీళ్ళు ఉంచాలే. మళ్ళీ సంఘం వాళ్ళు వచ్చినప్పుడు స్క్రూలు తీస్తే సరి."

"నాకూ పనికొస్తుందన్నావు."

వెండెల్ డ్రిల్లు కింద పెట్టి ఆమె వైపు చూశాడు. అతని ముఖంలో కోపం లేదు. చిన్నపిల్ల ఏదో తెలియక అడిగినప్పటి ఓపిక ఉంది.

"నీకు అలవాటేగా నెల్డా. ఇవాళ కొత్తా?"

పైన పొయ్యి మీద ఏదో పొంగింది. ఆమె వెనక్కి తిరిగి మెట్లెక్కింది.

సోమవారం పొద్దున ఆమె పడకగది నేల మీద మాసిన బట్టలు పోసి రెండు కుప్పలు చేసింది. తనవి ఒక బుట్టలో, అతనివి ఒక బుట్టలో. అతని బుట్టను బేస్‌మెంట్‌కు దింపింది. తువ్వాలు పరవలేదు. బల్ల అంచు పట్టుకోలేదు. చెప్పు కాలితో బుట్టను అర కిందుగా ఒక్క తోపు తోసింది. అది జారి వెళ్ళి చక్రాల పీటకు తగిలి ఆగింది.

తన బుట్ట కారులో పెట్టుకుని ఓపల్ దగ్గరికి వెళ్ళింది.

*

వెండెల్ రెండు రోజులు ఆ బుట్టను పక్కకు నెట్టి పని చేసుకున్నాడు. ఆమె మరచిపోయిందనుకున్నాడు. గురువారం పొద్దున సొరుగులు లాగుతూ కేకేశాడు.

"నా చొక్కాలేవీ?"

"మెషీన్ పక్కనే ఉన్నాయి. రోజూ అక్కడే కూర్చుంటావుగా."

అతను కిందికి వెళ్ళాడు. నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించింది. తరువాత డ్రయ్యర్ తిరిగింది. నెల్డా కిటికీ దగ్గర కూర్చుని ఆపిల్ పళ్ళు చెక్కు తీసింది. ఆమె సగం బుట్ట కూడా తీయకముందే కింద నుంచి అరుపు.

"ఉబ్బుతోంది! గేటు దగ్గర పట్టాలు పైకి లేచిపోతున్నాయి!"

డ్రయ్యర్ ఆగిపోయింది. వెండెల్ మెట్లెక్కి వచ్చాడు. చేతుల్లో బుట్ట. అందులో సగం ఆరిన చొక్కాలు, అంచు దాటి వేలాడిన ఒక చొక్కా చెయ్యి వంటింటి నేల మీద తడి గీత గీసింది.

"చెక్క ఉబ్బడానికి చోటు లేదు. స్క్రూలు పట్టుకుని ఉన్నాయి కదా, పట్టాలు వంగుతున్నాయి," అన్నాడు. అదేదో ఆమె చెయ్యాల్సిన పనిలా ఆమె ముందు నిలబడ్డాడు.

నెల్డా కత్తి పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది.

"ఆ నాలుగు స్క్రూలు తీసెయ్యి వెండెల్. గొట్టం తిన్నగా పెట్టు. గేటు నాకు తెరిచి ఉంచు. సాయంత్రానికల్లా నీ చొక్కాలు ఇస్త్రీతో సహా ఇస్తాను. ఇవాళ్టివే కాదు, ఎప్పటివైనా."

అతను బుట్ట వైపు చూశాడు. బేస్‌మెంట్ తలుపు వైపు చూశాడు. ఆమె అతని ముఖాన్నే చూస్తోంది. పెదవులు కదిలాయి. గొట్టం తిన్నగా పెడితే ఏ బల్ల కాలు జరపాలో లెక్కవేస్తున్నాడని ఆమెకు తెలిసింది. ఆ బల్ల కాలు మీద కొండ ఉంది. కొండ మీద ఆమె గుచ్చిన చెట్లున్నాయి.

"ఆ లాండ్రీ ఎక్కడుంది?" అన్నాడు వెండెల్.

నెల్డా ఆపిల్ తొక్క ఒకటి నేల మీద పడితే తీసి గిన్నెలో వేసింది.

"పోస్టాఫీసు పక్క సందులో. తలుపు పెద్దదే. వంగక్కర్లేదు."

అతను తాళం చెవులు తీసుకున్నాడు. వానలోనే వెళ్ళి ట్రక్కు వెనక తొట్టిలో బుట్ట పెట్టాడు. పైన మూత వెయ్యలేదు. అద్దం తుడుచుకుని, ఇంటి వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

ట్రక్కు చప్పుడు వీధి మలుపులో కలిసిపోయాక నెల్డా కిందికి దిగింది. దీపం వేసింది. గేటు దగ్గర పట్టాలు గొంగళిపురుగు వీపులా లేచి ఉన్నాయి. ఆమె స్క్రూ తలల మీద వేలు పెట్టి చూసింది. పైన రెండు, కింద రెండు. స్క్రూడ్రైవర్ ఎదురుగానే మేకుకు వేలాడుతోంది, ఆమె చెయ్యి చాపితే అందేంత దూరంలో. తీయడం ఆమెకూ చేతనవును.

బల్లకు అవతల, మెషీన్ మీద ఆమె సబ్బుడబ్బా ఉండిపోయింది. దానికోసం ఆమె వంగలేదు. బజారులో కొత్తది కొనుక్కుందామనుకుంది.

దీపం ఆర్పి, మెట్లెక్కి, బేస్‌మెంట్ తలుపు మూసింది.